సముద్రాన్ని మ్యాపులో చూడటానికి కొన్ని తలకిందుల సలహాలు

మొదట సముద్రం జోలికి పోకండి. క్వేకర్స్ హిల్‌లో కూర్చుని సముద్రపు డేటాను ఇంటర్నెట్ మ్యాపులో చూడాలనుకునే తెలుగువాళ్ళకి నేను చెప్పే తొలి సలహా ఇదే. సిడ్నీ నడిబొడ్డుకి పడమరగా 40 కిలోమీటర్ల దూరాన ఉన్నాం. బీచికి పోవాలంటే పొద్దున్నే పులిహోర కట్టుకుని బయల్దేరాల్సిన ఊరు మనది. అందుకే మ్యాపు తెరవగానే చెయ్యి పరుగున బాండై మీదికో, గ్రేట్ బారియర్ రీఫ్ మీదికో పోతుంది. పోనివ్వకండి. మీ వీధి పేవ్‌మెంట్ అంచున, ఇనుప కమ్మీల కిందికి వాన నీళ్ళు దిగే డ్రెయిన్ ఒకటి ఉంటుంది. మ్యాపును అక్కడ నిలిపి, ఆ నీళ్ళ వెంట నడవండి.

ఆ నీళ్ళు బ్రేక్‌ఫాస్ట్ క్రీక్‌లో పడతాయి. అక్కణ్ణుంచి ఈస్టర్న్ క్రీక్‌కి, ఆ తర్వాత సౌత్ క్రీక్‌కి చేరతాయి. సౌత్ క్రీక్ విండ్సర్ దగ్గర హాక్స్‌బరీ నదిలో కలుస్తుంది. హాక్స్‌బరీ కొండల మధ్య మెలికలు తిరిగి, పామ్ బీచ్‌కి ఉత్తరాన బ్రోకెన్ బే దగ్గర పసిఫిక్‌లో పడుతుంది. మన వీధి వాన పారమట్టా నది మీదుగా సిడ్నీ హార్బర్‌కి పోతుందని చాలామంది అనుకుంటారు. సెవెన్ హిల్స్ వాన తూంగాబీ క్రీక్ మీదుగా నిజంగానే అటు పోతుంది. మనది పోదు. మూడు రైల్వే స్టేషన్ల దూరంలో నీళ్ళు చేరే తీరం మారిపోతుంది. వాన నీళ్ళ సంగతే కాదు. క్వేకర్స్ హిల్ మురుగునీటి శుద్ధి కేంద్రం బయటికి వదిలే నీళ్ళు కూడా బ్రేక్‌ఫాస్ట్ క్రీక్‌కే చేరతాయి. తూర్పు సిడ్నీకి మలబార్, బాండై, నార్త్ హెడ్ దగ్గర సముద్రం అడుగున పొడుగాటి సొరంగాలున్నాయి. 1990, 91లలో అవి పనిలోకి వచ్చాక అక్కడి మురుగునీరు తీరానికి కిలోమీటర్ల దూరాన, 60 మీటర్లు, అంతకు మించిన లోతులో కలుస్తోంది. మన వైపు నీటికి నదే దారి. కాబట్టి మ్యాపులో మీరు అన్నిటికన్నా ముందు గుర్తుపట్టాల్సింది బాండైని కాదు, బ్రోకెన్ బేని. మీ కారు కడిగిన సబ్బునీళ్ళు, లాన్‌కి చల్లిన ఎరువు చేరేది అక్కడికే.

ఇప్పుడు పనిముట్ల సంగతి. దీన్ని పొడిగించను, అన్నీ ఉచితమే. ఆస్ట్రేలియన్ ఓషన్ డేటా నెట్‌వర్క్ పోర్టల్ ఉంది. దాన్ని నడిపే సంస్థ ఐమాస్, దాని కేంద్రం హోబార్ట్‌లో, టాస్మేనియా విశ్వవిద్యాలయంలో ఉంది. ఏ డేటా కావాలో ఎంచుకుని, చోటూ కాలమూ కత్తిరించుకుని, ఫైలు డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. అదే సంస్థది ఓషన్‌కరెంట్ అనే మరో చోటు ఉంది, అందులో ప్రవాహాలూ ఉష్ణోగ్రతా గీసిన చిత్రాలుంటాయి. నాసా వాళ్ళ వరల్డ్‌వ్యూలో ఉపగ్రహ చిత్రాలు రోజువారీగా దొరుకుతాయి. బంగాళాఖాతం కావాలంటే మన హైదరాబాదులోని ఇంకాయిస్ ఉంది. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మ్యాపు తెరిచాక కావాలని తప్పులు చేయండి. సరిగ్గా చేయడం నేర్చుకునే ముందు ఈ పని తప్పనిసరిగా చేయాలని నా పట్టు. విశాఖపట్నం అక్షాంశం 17.69, రేఖాంశం 83.22. ఈ రెండంకెల్నీ అటూ ఇటూ మార్చి మ్యాపుకివ్వండి. విశాఖ పోయి స్వాల్‌బార్డ్ దీవులకి ఉత్తరాన, ఆర్కిటిక్ మంచులో తేలుతుంది. సిడ్నీ అక్షాంశం ముందున్న మైనస్ గుర్తు తీసేయండి. సిడ్నీ భూమధ్యరేఖ దాటి వెళ్ళి జపాన్‌కి తూర్పున నడిసముద్రంలో పడుతుంది. రెండంకెలూ ఖాళీగా వదిలేస్తే చాలా ప్రోగ్రాములు వాటిని సున్నాలుగా తీసుకుంటాయి, మీ చుక్క ఆఫ్రికా పక్కన గినీ సింధుశాఖలో కూర్చుంటుంది. ఈ మూడు తప్పుల్నీ ఒకసారి మీ చేత్తో చేసి కళ్ళారా చూస్తే, రేపు ఎవరో ఇచ్చిన డేటాలో ఒక చుక్క సముద్రం మధ్యలో అసందర్భంగా కనిపించినప్పుడు అది వింత చేపో, కొత్త ప్రవాహమో అనుకోరు. ఎవరో మైనస్ మరిచారని వెంటనే పట్టేస్తారు.

ఉష్ణోగ్రత ఫైళ్ళతోనూ ఇదే ఆట ఆడండి. ఉపగ్రహాల సముద్ర ఉష్ణోగ్రత చాలా ఫైళ్ళలో కెల్విన్‌లో ఉంటుంది. 293.15 అని ఉంటే అది మన 20 డిగ్రీలు. గంటలేమో గ్రీన్విచ్ లెక్క ప్రకారం నడిచే యూటీసీలో ఉంటాయి. సిడ్నీ దానికన్నా చలికాలంలో 10 గంటలు, వేసవిలో 11 గంటలు ముందుంటుంది. ఫైలు మీద 14వ తేదీ 15:00 అని ఉంటే మనకి అప్పటికే అర్ధరాత్రి దాటి 15వ తేదీ వచ్చేసింది. వాన పడింది ఏ రోజు, నీళ్ళ రంగు మారింది ఏ రోజు అని పోల్చి చూసేటప్పుడు ఈ ఒక్క రోజు తేడాయే మొత్తం కథను తిరగేస్తుంది.

రంగులు ఎంచుకునేటప్పుడు అందం చూడకండి. నీలం, పచ్చ, పసుపు, ఎరుపు వరసగా వచ్చే ఇంద్రధనుస్సు రంగులు చూడ్డానికి బాగుంటాయి, వాట్సాప్‌లో పెడితే అందరూ మెచ్చుకుంటారు. కానీ పసుపు పట్టె దగ్గర కన్ను ఆగిపోతుంది. నీళ్ళు నెమ్మదిగా, ఒక్కో పిసరు చొప్పున వేడెక్కుతున్న చోట కూడా అక్కడేదో గట్టు ఉన్నట్టు కనిపిస్తుంది. లేని సరిహద్దును రంగు పుట్టిస్తుంది. పైగా మగవాళ్ళలో ఎరుపూ ఆకుపచ్చా తేడా తెలియనివాళ్ళు తక్కువేం కాదు, వాళ్ళకి ఆ మ్యాపు సగం మూగపోతుంది. 2015లో విరిడిస్ అనే రంగుల వరస వచ్చింది. ముదురు ఊదా నుంచి లేత పసుపు దాకా వెలుగు మెట్టుమెట్టుగా సమంగా పెరిగేలా దాన్ని కూర్చారు. 2016లో క్రిస్టెన్ థింగ్, ఆమె సహచరులు సముద్ర శాస్త్రం కోసమే సీఎంఓషన్ అనే రంగుల పెట్టె తయారుచేశారు. వేడికి ఒక వరస, ఉప్పుకి ఒకటి, నాచుకి ఒకటి, మడ్డికి ఒకటి. మొదటి చూపుకి వెలవెలబోయినట్టుంటాయి. అవే వాడండి.

రంగుల హద్దుల్ని మాత్రం మ్యాపు ఇష్టానికి వదలొద్దు. చాలా పనిముట్లు ఆ రోజు డేటాలోని కనిష్ఠాన్నీ గరిష్ఠాన్నీ చూసి వాటంతటవే హద్దులు మార్చేసుకుంటాయి. నిన్నటి ఎరుపు 22 డిగ్రీలు, ఇవాళ్టి ఎరుపు 25 డిగ్రీలు అవుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్ళు ఏమీ మారలేదనుకుంటారు. సిడ్నీ తీరంలో నీళ్ళు ఆగస్టు, సెప్టెంబరుల్లో సుమారు 18కి దిగి, ఫిబ్రవరి, మార్చి నెలల్లో సుమారు 23కి చేరతాయి. 15 నుంచి 26 అని ఒకసారి పెట్టుకుని ఏడాదంతా దాన్ని కదపకండి. కొన్ని రోజులు మ్యాపు అంతా ఒకే రంగులో, ఏ విశేషమూ లేకుండా వస్తుంది. ఆ రోజు సముద్రం అలాగే ఉంది మరి.

ఇక నాకు అన్నిటికన్నా పట్టింపు ఉన్న సలహా. మబ్బులేని రోజు కోసం వెతక్కండి. మబ్బు కమ్మిన చిత్రాల్నే దాచుకోండి.

సముద్రపు వేడిని పరారుణ కిరణాలతో కొలిచే ఉపగ్రహం మబ్బుల్లోంచి చూడలేదు. మబ్బున్న చోట మ్యాపు ఖాళీ. అందరూ ఆ ఖాళీల్ని లోపంగా భావించి, నిండుగా ఉన్న రోజు దొరికేదాకా తేదీలు తిప్పుతూనే ఉంటారు. అలా తిప్పితే దొరికేది ఎండ కాసిన రోజుల సముద్రం ఒక్కటే. హాక్స్‌బరీ వరదలు గుర్తున్నాయిగా. 2021 మార్చి, 2022 మార్చి, మళ్ళీ అదే ఏడాది జులై. విండ్సర్ వంతెన మునిగి, మన పక్క సబర్బుల్లోకి కూడా నీళ్ళు వచ్చాయి. నది సముద్రంలోకి మట్టి, చెత్త, పొలాల ఎరువు, మురుగు అన్నీ కలిపి కుమ్మరించిన రోజులవి. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆకాశం మూసుకుపోయి ఉంది. మన నది సముద్రానికి అత్యధికంగా హాని చేసే సమయంలోనే ఉపగ్రహానికి అతి తక్కువగా కనిపిస్తుంది. ఖాళీ చిత్రాల్ని పారేసినవాడి దగ్గర ఆ వరదే ఉండదు. ఖాళీ ఎన్ని రోజులుంది, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా ఉంది, మబ్బు విడిచాక తొలి చిత్రం ఏ తేదీది అన్నవి రాసిపెట్టుకోండి. ఆ కాగితమే మీ అసలు డేటా.

మబ్బు విడిచాక వచ్చే చిత్రంలో ఇంకో ఉచ్చు ఉంది. క్లోరోఫిల్ పొర వేసి చూస్తే వరద తర్వాత తీరం వెంట ఎర్రగా కనిపిస్తుంది. ఆల్గే విపరీతంగా పెరిగిందని చాలామంది అక్కడే తీర్మానించేస్తారు. ఉపగ్రహం క్లోరోఫిల్‌ను ముట్టుకుని కొలవదు. నీటి రంగు చూసి లెక్కగడుతుంది. నడిసముద్రంలో ఆ లెక్క బాగా పనిచేస్తుంది. నది ముఖాన మాత్రం మట్టి, కుళ్ళిన ఆకుల నుంచి దిగిన టీ రంగు డికాషన్ లాంటి పదార్థం నీటి రంగును మార్చేస్తాయి. లెక్క దాన్ని కూడా నాచు ఖాతాలో వేసేస్తుంది. ఎరుపు కనిపించినప్పుడు నమ్మడం ఆపి, అదే రోజు మామూలు రంగుల చిత్రం తెరవండి. నీళ్ళు గోధుమ రంగులో ఉంటే అది ఎక్కువగా మట్టి కావచ్చు. అక్కడ ఆల్గే ఉందో లేదో తేల్చేది సీసాలో పట్టిన నీరే.

నిండుగా, అతుకు కనిపించకుండా ఉన్న మ్యాపు దొరికితే అనుమానించండి. ప్రపంచ సముద్రాల్లో ఆర్గో తేలుడు యంత్రాలు సుమారు 4,000 ఉన్నాయి. ఒక్కొక్కటీ వెయ్యి మీటర్ల లోతున కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్ల దాకా దిగి, పైకి వస్తూ వేడినీ ఉప్పునీ కొలిచి, పైకొచ్చాక ఉపగ్రహానికి పంపుతుంది. లెక్కేస్తే విశాఖకీ విజయవాడకీ ఉన్న దూరానికి అటూ ఇటుగా ఒకటి. తీరానికి దగ్గరగా లోతు తక్కువున్న చోట్లకి అవి సాధారణంగా రావు. ఆ మధ్యనున్నదంతా గణితం నింపింది. చుక్కల ముగ్గు చూడండి, చుక్కలే కొలిచి పెట్టినవి, మెలికలన్నీ మన చేతివి. నింపడం తప్పు కాదు, అది లేకుండా సముద్రాన్ని అర్థం చేసుకోలేం. కానీ మ్యాపులో చుక్కల పొర కూడా వేసుకుని, ఎక్కడ కొలిచారో ఎక్కడ ఊహించారో కళ్ళముందు పెట్టుకోవాలి. చుక్కలు చూపించని మ్యాపును పిల్లల ప్రాజెక్టుకి అసలు వాడనివ్వకండి.

ఓషన్‌కరెంట్‌లో బాణాల గుర్తులు కదులుతుంటే ఎవరో నీళ్ళలో మీటరు పెట్టి కొలిచినట్టే అనిపిస్తుంది. అక్కడ ప్రవాహాన్ని ప్రధానంగా సముద్ర మట్టం ఎత్తుపల్లాల నుంచి లెక్కగట్టారు. ఆ ఎత్తు ఉపగ్రహ రాడార్ కొలిచింది. అయినా ఆ చిత్రాలంటే నాకు ప్రాణం. ఫైండింగ్ నీమో సినిమాలో తాబేళ్ళు ఎక్కి వచ్చిన తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం సిడ్నీకి ఉత్తరాన తీరాన్ని విడిచి, పెద్ద పెద్ద సుడుల్ని వదులుతుంది. ఇక్కడ మన కన్ను మనల్ని మోసం చేస్తుంది. విశాఖ మీదికి వచ్చే తుఫాన్ల చిత్రాలు చూసి పెరిగిన కళ్ళు మనవి. అల్పపీడనం చుట్టూ గాలి అపసవ్యంగా తిరుగుతుందని మనకి బాగా అలవాటు. దక్షిణార్ధగోళంలో అంతా తిరగబడుతుంది. సిడ్నీ ఎదుట అపసవ్యంగా తిరిగే సుడి వెచ్చనిది, నీటిమట్టం కాస్త ఎత్తుగా ఉంటుంది. సవ్యంగా తిరిగేది చల్లనిది, కింది నుంచి పోషకాల్ని పైకి లాగుతుంది. అందుకని మొదటి కొన్నాళ్ళు మీకు ఏదనిపిస్తే దానికి వ్యతిరేకంగా చదవండి, ఎత్తు పొర వేసి సరిచూసుకోండి.

పరిమాణాల విషయంలోనూ అంతే. ఇంటర్నెట్ మ్యాపులు సాధారణంగా వాడే మెర్కేటర్ పద్ధతిలో భూమధ్యరేఖకి దూరమయ్యేకొద్దీ అన్నీ ఉబ్బుతాయి. ఒకే వైశాల్యమున్న నీటి ముక్క విశాఖ దగ్గర కన్నా సిడ్నీ దగ్గర సుమారు 30 శాతం పెద్దగా కనిపిస్తుంది. అమ్మానాన్నలకి అక్కడి సముద్రమూ ఇక్కడి సముద్రమూ పక్కపక్కన చూపించేటప్పుడు ఇది చెప్పి చూపించండి.

కొన్నాళ్ళు ఇలా తిరిగాక మ్యాపే మూసేయండి. ఒక్క చోటు ఎంచుకుని దాని పాత లెక్కలు తెరవండి. సిడ్నీకి దక్షిణాన పోర్ట్ హ్యాకింగ్ ఎదుట 1942 నుంచీ పడవ వేసుకుపోయి నీళ్ళు కొలుస్తున్నారు. యుద్ధం జరుగుతున్న రోజుల్లో మొదలైన పని అది. టాస్మేనియా తూర్పున మరాయా దీవి దగ్గర 1944 నుంచి కొలుస్తున్నారు. అక్కడి నీళ్ళు శతాబ్దానికి రెండు డిగ్రీలకు పైబడిన వేగంతో వేడెక్కుతున్నాయని ఆ వరుస చూసే తేల్చారు. తూర్పు ఆస్ట్రేలియా ప్రవాహం ఇంకా దక్షిణానికి చొచ్చుకుపోతోంది. న్యూ సౌత్ వేల్స్ నీళ్ళలో ఉండే పొడుగు ముళ్ళ సీ అర్చిన్ 1978లో టాస్మేనియాలో తొలిసారి కనిపించింది, ఆ తర్వాత అక్కడి సముద్రపు అడవుల్ని మేసి బండలు బోడి చేసింది. పొడుగాటి జెయింట్ కెల్ప్ నాచు అడవుల్లో చాలా భాగం పోయింది. ఇదంతా ఏ ఒక్క రోజు మ్యాపులోనూ కనిపించదు. లక్ష పిక్సెళ్ళు మెరిసే ఇవాళ్టి చిత్రం కన్నా, ఎనభై ఏళ్ళ పాటు ఎవరో ఒకరు వెళ్ళి కొలిచిన ఒకే ఒక్క చుక్క నాకు ఎక్కువ. అదే కారణంగా లైవ్ డేటా వెంట పడొద్దంటాను. అప్పటికప్పుడు వచ్చిన అంకెల్ని తర్వాత నిపుణులు చూసి, చెడిపోయిన సెన్సార్లవి ఏరేసి, సరిచేసిన రూపం ఇస్తారు. తొందరేం లేదు, దాని కోసం ఆగండి.

మా వీధిలో ఒకమ్మాయి పదకొండో తరగతి చదువుతోంది. ఎర్త్ అండ్ ఎన్విరాన్‌మెంటల్ సైన్స్‌లో డెప్త్ స్టడీ అనే ప్రాజెక్టుకి మ్యాపు తయారుచేసి ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఉష్ణోగ్రత, క్లోరోఫిల్, ప్రవాహాలు, ఓడల దారులు, అన్ని పొరలూ ఒకదాని మీద ఒకటి.

"ఆంటీ, భలే వచ్చింది కదా?"

"వచ్చింది. ఇందులో నువ్వు చెప్పదలుచుకున్న ఒక్క ముక్క చెప్పమ్మా."

"రెడ్ ఉన్నచోట ఎక్కువ ఉంది."

"ఏది ఎక్కువ?"

"క్లోరోఫిల్."

"ఏ రోజు?"

పైకీ కిందికీ జరిపి వెతికింది, తేదీ దొరకలేదు. ఒక్కో పొరా తీసేస్తూ కూర్చున్నాం. చివరికి తను రాసుకున్న వాక్యం ఇది: 2021 మార్చి వరద తర్వాత మబ్బు విడిచిన తొలి చిత్రంలో బ్రోకెన్ బే ఎదుట నీటి రంగు మారింది, అది ఆల్గేనో మట్టో ఈ డేటాతో చెప్పలేను. వాళ్ళ టీచర్ ఎన్ని మార్కులేస్తారో నాకు తెలీదు. నా దృష్టిలో ఆ అమ్మాయి చేసిన సైన్సు ఆ వాక్యమే.

మ్యాపును వాక్యంగా మార్చడం చిన్నపిల్లల పని అనుకోకండి. ఇంకాయిస్ చేసేది అదే. 1999లో ఏర్పడిన ఆ సంస్థ సముద్రం లేని హైదరాబాదులో, ప్రగతి నగర్‌లో ఉంది. నీటి వేడి, క్లోరోఫిల్ ఉపగ్రహ చిత్రాల్లో వెచ్చని నీరూ చల్లని నీరూ కలిసే గీతల్ని పట్టుకుని, చేపలు చేరే అవకాశమున్న చోట్లు గుర్తిస్తుంది. కానీ విశాఖ హార్బర్‌లోనో కాకినాడలోనో వేటకి బయల్దేరే మనిషికి రంగుల చిత్రంతో ఏం పని? ఏ రేవు నుంచి, ఏ దిక్కున, ఎన్ని కిలోమీటర్లు, ఎంత లోతు. ఇంతే, తెలుగులో. కోట్ల పిక్సెళ్ళు ఒక వరుస మాటల్లోకి వచ్చేస్తాయి. మబ్బు పట్టి చిత్రం అందనప్పుడు ఆ సూచన రాదు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం, అప్పుడూ రాదు. తెలియని రోజున ఊహించి చెప్పకపోవడం కూడా వాళ్ళ పనిలో భాగమే. బోటు డీజిల్ ఖర్చు, ఇంటి పొయ్యి ఆధారపడిన సలహా అది. మన సరదా మ్యాపులకి కూడా అంత బాధ్యత ఉండాలనే నా కోరిక.

అందుకని ఎవరికైనా స్క్రీన్‌షాట్ పంపే ముందు దాని కింద మీ వాక్యం రాయండి. తేదీ, యూటీసీ గంట, డేటా ఎవరిది, ఏది కొలిచారు, ఎక్కడ ఖాళీ ఉంది. ఐమాస్ డేటా ఎవరైనా వాడుకోవచ్చు, పేరు చెప్పాలన్నది మాత్రం నియమం. సముద్రం మధ్యలో వానలో తడుస్తూ కొలిచినవాళ్ళున్నారు దాని వెనక, పేరు ఎగ్గొట్టొద్దు.

పిల్లల్ని ఈతకి తీసుకెళ్తున్న రోజు మాత్రం ఈ మ్యాపులేవీ తెరవకండి. నీటి వేడి చూపించే మ్యాపులో మురుగు కనిపించదు. ఆ రోజు చూడాల్సింది వాన ఎప్పుడు పడిందన్నది. న్యూ సౌత్ వేల్స్ బీచ్‌వాచ్ 1989 నుంచి ఈత నీళ్ళని పరీక్షిస్తోంది, ఎంటరోకోకై అనే బ్యాక్టీరియాను లెక్కిస్తుంది. గట్టి వాన పడితే సముద్రపు బీచ్‌లలో ఒక రోజు దాకా, నది కలిసే చోట్లలో, లోపలి బేలలో మూడు రోజుల దాకా నీళ్ళలో దిగొద్దన్నది దాని సూచన. బ్రోకెన్ బే లోపలి తీరాలు ఈ రెండో రకం కిందికే వస్తాయి. గురువారం రాత్రి మన వీధి డ్రెయిన్లు పొంగి పారాయంటే, శనివారం బ్రోకెన్ బే లోపలి పిట్‌వాటర్ వైపు అనుకున్న పిక్నిక్‌ను వచ్చే వారానికి జరపండి.